రహీం సాబ్: ఉత్త కాళ్ల ఆటగాళ్లను ఆసియా విజేతలుగా నిలిపిన బడిపంతులు

1963 జూన్ 11న హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. జబ్బు ఊపిరితిత్తుల కేన్సర్. అంతకు తొమ్మిది నెలల ముందు, 1962 సెప్టెంబర్ 4న, జకార్తాలో దాదాపు లక్షమంది జనం ఎదుట భారత ఫుట్‌బాల్ జట్టు ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచింది. ఆ జట్టుకు ఆట నేర్పింది ఆయనే. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకు రహీం సాబ్. ఆ తర్వాత అరవై ఏళ్లు గడిచిపోయాయి. ఆ పతకం మళ్లీ మన దేశానికి రాలేదు.

మా శ్రీకాకుళం జిల్లాలో ఆటలంటే రెండు పేర్లు చెబుతారు. ఒకటి ఏనుగును గుండె మీద ఎక్కించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు. రెండోది 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి. ఇద్దరూ బలానికి పేరుపడ్డవాళ్లు. ఫుట్‌బాల్ పేరు ఇక్కడ వినపడదు. పలాస, టెక్కలి, ఉద్దానం ఊళ్లలో తిరుగుతున్నప్పుడు మాకు కనిపించేది తెల్లారగట్ల రోడ్డు పక్కన పరుగులు తీసే గుంటలు. వాళ్లు పరిగెత్తేది పతకం కోసం కాదు, ఆర్మీ సెలక్షన్ కోసమో, కానిస్టేబుల్ ఉద్యోగం కోసమో. పేదింటి పిల్లాడి ఒంటి సత్తువకూ సర్కారు ఉద్యోగానికీ ఉన్న ఈ ముడి కొత్తది కాదు. 1950ల హైదరాబాద్‌లో అదే ముడి మీద ఒక బడిపంతులు దేశంలోనే మేటి జట్టును కట్టారు. ఆయన జీవితాన్ని ఇక్కడ చెప్పుకోవాలని మేం అనుకోవడానికి కారణం అదే.

ముందే ఒక మాట. రహీం పేరులో సయ్యద్ ఉంది. ముస్లిం సమాజంలో అది పై మెట్టు. ఆయన్ని దళితుడనో, అట్టడుగు కులస్థుడనో చెప్పి మన ఖాతాలో వేసుకోవాలనే ఉద్దేశం మాకు లేదు. ఆయన ఎవరికి ఆట నేర్పారు, ఎలా నేర్పారు, ఆ ఆట వెనక ఎవరి శ్రమ ఉంది అన్నవే మా ప్రశ్నలు.

దొరల ఆట గల్లీల్లోకి వచ్చిన కాలం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అది నిజాం రాజ్యం. పక్కనే సికింద్రాబాద్‌లో బ్రిటిష్ కంటోన్మెంట్. ఫుట్‌బాల్ మన దేశానికి సైన్యంతోనే వచ్చింది. సోల్జర్లు ఆడుతుంటే చుట్టూ నిలబడి చూసినవాళ్లు బార్కుల్లో పనిచేసే కూలీల పిల్లలు, బంట్రోతుల పిల్లలు, చుట్టుపక్కల బస్తీల పిల్లలు. క్రికెట్‌కు తెల్లబట్టలు, బ్యాట్లు, ప్యాడ్లు, చదును చేసిన పిచ్ కావాలి. ఫుట్‌బాల్‌కు ఒక బంతి, కాస్త ఖాళీ నేల చాలు. అందుకే అది గల్లీల్లోకి త్వరగా దిగింది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివారు. విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు. చదువు అయ్యాక బడిపంతులు అయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్ హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ ఆయన పాఠం చెప్పిన బడులు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి, పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. స్థానికంగా ఖమర్ క్లబ్‌కు ఆడుతూనే, 1940ల తొలి ఏళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేవరకూ ఆ పనిలోనే ఉన్నారు.

ఆయన యువకుడిగా ఉన్న రోజుల్లో దేశంలో ఫుట్‌బాల్ మారుతోంది. 1911లో మోహన్‌బగాన్ జట్టు కలకత్తాలో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును ఓడించి ఐఎఫ్ఏ షీల్డు గెలిచింది. ఆ జట్టులో ఒక్కరు తప్ప అందరూ ఉత్త కాళ్లతో ఆడినవాళ్లే. 1934 నుంచి 1938 వరకు మొహమ్మడన్ స్పోర్టింగ్ కలకత్తా లీగ్‌ను వరసగా ఐదేళ్లు గెలిచింది. 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు రోవర్స్ కప్ గెలిచిన తొలి భారతీయ జట్టయింది. దొరల జట్లను దొరల ఆటలోనే ఓడించవచ్చని నమ్మకం కుదిరిన కాలం అది. రహీం ఆ కాలపు పిల్లాడు.

1948 తర్వాత ఒక ముస్లిం పంతులు

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. ఐదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యం ఎంత నిజమో, దాని తర్వాత సామాన్య ముస్లింల మీద జరిగిన మారణకాండ అంతే నిజం. కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ల సంఖ్యను కనీసం 27,000 నుంచి 40,000 వరకు అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. ఉద్యోగాలు పోయినవాళ్లు, ఊళ్లు వదిలినవాళ్లు, పాకిస్తాన్ వెళ్లిపోయినవాళ్లు వేల సంఖ్యలో ఉన్నారు. హైదరాబాద్ ముస్లిం అనగానే అనుమానంగా చూసే రోజులు అవి.

సరిగ్గా రెండేళ్లకు, 1950లో, రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ బాధ్యత తీసుకున్నారు. అదే ఏడాది భారత జట్టు బాధ్యత కూడా ఆయనకు వచ్చింది. ఏ సమాజాన్ని దేశం నమ్మలేదో, ఆ సమాజపు బడిపంతులు చేతిలో దేశం తన జట్టును పెట్టింది. ఇందులో దేశం దొడ్డమనసు ఏమీ లేదు. ఆయన పని అంత కళ్లెదుట ఉంది, కాదనడానికి వీల్లేకపోయింది.

పని ఎంతటిదంటే, 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్‌బగాన్‌ను ఓడించి డ్యూరండ్ కప్ తెచ్చింది. 1954లో, 1957లో మళ్లీ డ్యూరండ్ గెలిచింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఇంకోసారి గెలిచింది. కలకత్తా క్లబ్బులకు జమీందార్ల, వ్యాపారుల అండ ఉండేది. హైదరాబాద్ జట్టుకు ఉన్నది కానిస్టేబుల్ జీతం మాత్రమే.

పోలీసు అనగానే మన పాఠకులకు గుర్తొచ్చేది లాఠీ. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని భూమి కోసం చంపినప్పుడు, ఊళ్లో పోలీసు పికెట్ ఉండీ ఏం కాపాడిందన్న ప్రశ్న ఇంకా మాసిపోలేదు. ఆ అనుభవాన్ని పక్కన పెట్టమని మేం అనడం లేదు. 1950ల బస్తీ కుర్రాడికి పోలీసు ఉద్యోగం ఏమిటో మాత్రం చూడాలి. నెల జీతం, యూనిఫాం, రెండు పూటలా తిండి, పొద్దున్నే ఆడుకోవడానికి పోలీసు మైదానం. ఇవి లేకుండా పేదవాడు ఆటగాడు కాలేడు. రహీం కింద ఆడినవాళ్లలో చాలామంది ఆ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే.

తోలు బంతి, తోలు బూటు

భారత జట్టు ఉత్త కాళ్లతో ఆడిందన్న మాట అందరికీ తెలుసు. దాని మీద ఒక కట్టుకథ కూడా నడుస్తోంది. బూట్లు వేసుకోనివ్వలేదు కాబట్టి 1950 ప్రపంచ కప్‌కు మన జట్టు వెళ్లలేదంటారు. అది సరికాదు. అప్పటి సమాఖ్య పెద్దలు ఒలింపిక్స్‌ను పట్టించుకున్నంతగా ప్రపంచ కప్‌ను పట్టించుకోలేదు. దూర ప్రయాణం, ప్రాక్టీసుకు సమయం లేకపోవడం వంటి కారణాలతో వదులుకున్నారు. నింద మాత్రం ఆటగాళ్ల కాళ్ల మీద పడింది.

1951 మార్చిలో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం జట్టు ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించింది. గోల్ కొట్టింది సాహు మేవాలాల్. పొడి నేల మీద, వెచ్చని వాతావరణంలో ఉత్త కాళ్లు బాగానే పనిచేశాయి. మరుసటి ఏడాది 1952లో హెల్సింకీ ఒలింపిక్స్. చలి. తడి గడ్డి. నీళ్లు పీల్చి బరువెక్కిన తోలు బంతి. ఎదురుగా బూట్లతో యుగోస్లావియా. స్కోరు 10-1. మన తరఫున ఆ ఒక్క గోల్ అహ్మద్ ఖాన్ కొట్టాడు. ఆ ఓటమి తర్వాత ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. ఆ బంతి ఎవరు కుట్టారు? దేశ విభజనకు ముందు మన దేశపు ఆట వస్తువుల కేంద్రం సియాల్‌కోట్. విభజన తర్వాత అక్కడినుంచి తరలివచ్చిన పనివాళ్లతో, వ్యాపారులతో జలంధర్ బస్తీల్లో ఆ పరిశ్రమ మళ్లీ లేచింది. బంతి ముక్కలు కత్తిరించి, మోకాళ్ల మధ్య పెట్టుకుని, రెండు సూదులతో కుట్టే పని చేసినవాళ్లలో అత్యధికులు దళిత కులాలవాళ్లు. లందలో తోలు ఊనినవాడిని, ఆరె పట్టి కుట్టినవాడిని ఊరు అంటరానివాడంది. వాడు కుట్టిన బంతిని తలతో కొట్టి, గుండెతో ఆపి, ముద్దుపెట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. చెప్పులేసుకుని ఊరి వీధిలో నడవకూడదని మాదిగను ఆపిన దేశం ఇది. అదే దేశం, అదే మాదిగ కుట్టగలిగిన బూట్లు లేక అంతర్జాతీయ మైదానంలో ఓడిపోయింది. తోలు పనికి విలువ ఇచ్చి, దాన్ని చదువుతో, పెట్టుబడితో కలిపి ఉంటే కథ ఇంకోలా ఉండేదేమో అని మాకు అనిపిస్తుంది.

క్రికెట్‌లో పల్వంకర్ బాలూ కథ మన పాఠకులకు తెలుసు. పూనాలో చమార్ కుటుంబానికి చెందిన బౌలర్. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. హిందువుల జట్టుకు మ్యాచ్‌లు గెలిపించాడు. కానీ టీ విరామంలో ఆయనకు మట్టి ముంతలో, విడిగా, బయట పోశారు. కెప్టెన్సీ ఎన్నడూ ఇవ్వలేదు. బంతి అంటుకోదు, మనిషి అంటుకుంటాడు అన్నదే ఆ టీ ముంత చెప్పిన నీతి. ఆటలో నేర్పు ఉంటే కులం దానంతట అది పోతుందని చెప్పేవాళ్లకు బాలూ జీవితం ఒక్కటి చాలు.

బంతి ఎవరి కాళ్ల దగ్గరా ఆగకూడదు

రహీం గొప్పతనం ఆయన బడిలోనే ఉంది. పెద్ద జట్లకు ఆడేవాళ్లను పోగుచేసి గెలవడం ఒక పద్ధతి. ఆయన చేసింది అది కాదు. పిల్లలనుంచి మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో చిత్రమైన పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని దగ్గర ఉంచుకుని ఎదుటివాళ్లను తప్పిస్తూ పోవడం నిషిద్ధం, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో కుడికాలివాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాలి. ఇవి ఆటవిడుపు సరదాలు కావు. మొదటిదాంతో పిల్లాడి కన్ను బంతి మీదనుంచి లేచి మైదానమంతా చూడటం నేర్చుకుంటుంది. రెండోదాంతో రెండు కాళ్లూ సమానంగా పనిచేస్తాయి.

దీనివెనక ఒక లెక్క ఉంది. మన పిల్లలు తిండి చాలక, యూరప్ ఆటగాళ్లంత ఎత్తూ బరువూ లేనివాళ్లు. ఒంటికి ఒళ్లు తగిలితే ఓడిపోయేది మనమే. బంతి వేగంగా చేతులు మారితే, అంటే కాళ్లు మారితే, ఎదుటివాడి బరువు వాడికే భారం. పరిగెత్తాల్సింది మనిషి కంటే ఎక్కువగా బంతి. కడుపు నిండా తినని జట్టు కూడా గెలవగలిగే ఆట ఇది. ఒక్కడి విన్యాసం మీద కాకుండా పదిమంది కలిసి ఆడటం మీద అది నిలబడింది.

ఆట పొందికల్లోనూ ఆయన కాలం కంటే ముందున్నారు. 1950ల తొలినాళ్లలో హంగేరీ జట్టు తన ముందువరస మధ్య ఆటగాడిని వెనక్కి జరిపి ప్రపంచాన్ని తికమకపెట్టింది. రహీం ఆ ఎత్తుగడను మన జట్టుకు తెచ్చారు. తర్వాత బ్రెజిల్‌తో ప్రసిద్ధి అయిన నాలుగు-రెండు-నాలుగు పొందికనూ మన జట్టు చేత ఆడించారు. అప్పుడు టీవీ లేదు, వీడియో లేదు. చూసినది, చదివినది, బడి పిల్లల మీద ప్రయత్నించి సరిచూసుకున్నది, అంతే ఆయన ప్రయోగశాల.

ఫలితం 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనపడింది. ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను మన జట్టు 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్‌లో యుగోస్లావియా మీద మొదటి గోల్ కూడా మనదే, చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన తొలి ఆసియా దేశం మనది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం వంటి హైదరాబాద్ ఆటగాళ్లు ఉన్నారు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే.

అమ్ముగూడ కుర్రాడు

రహీం ఎవరికి ఆట నేర్పారో తెలియాలంటే తులసీదాస్ బలరాం దగ్గర ఆగాలి. గోల్స్ కొట్టే ముందువరస ఆటగాళ్లలో తెలుగు నేల ఇచ్చిన మేటి ఆయన. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో, తమిళ మూలాలున్న పేద కుటుంబంలో 1936లో పుట్టాడు. కొడుకు గుమాస్తా ఉద్యోగం చేసి ఇల్లు గడపాలని తల్లి ఆశ. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టే ఆయన చేత ఒక జత తయారు చేయించుకున్నాడు. దానికి డబ్బు తల్లి దగ్గరే అడిగి తీసుకున్నాడు. దేశం గర్వంగా చెప్పుకునే ఆటగాడి మొదటి బూట్లు అవి. వాటిని కుట్టిన చేతుల పేరు ఏ చరిత్రలోనూ లేదు.

రహీం ఆ కుర్రాడి ఆట చూసి హైదరాబాద్ జట్టు ప్రాక్టీసుకు రమ్మన్నారు. అమ్ముగూడనుంచి రోజూ రావడానికి చార్జీలు లేవని కుర్రాడు చెప్పాడు. సైకిలు అద్దెకు డబ్బులు రహీమే ఇచ్చారు. బలరాం తర్వాతి కాలంలో చాలాసార్లు చెప్పుకున్న సంగతి ఇది. ప్రతిభను గుర్తించడం చాలామంది చేస్తారు. ఆ ప్రతిభ మైదానం దాకా రావడానికి సైకిలు అద్దె కావాలని గుర్తించడం బడిపంతులు చేసే పని. మన హాస్టళ్లలో, గురుకులాల్లో చదివినవాళ్లకు ఈ తేడా వివరించక్కర్లేదు.

1956లో ఇరవై ఏళ్లకే బలరాం ఒలింపిక్స్ వెళ్లాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరి కలకత్తా వెళ్లిపోయాడు. 1961లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. చుని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం, ఈ ముగ్గురినీ కలిపి త్రిమూర్తులుగా చెప్పుకునేవాళ్లు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీతో 2-1తో ఓడినప్పుడు మన ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూతో 3-1తో ఓటమి, అక్కడా మన గోల్ ఆయనదే. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ ఆడటం అదే చివరిసారి.

అదే రోమ్ జట్టులో రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. తండ్రి కోచ్. కొడుక్కి ఒక్క మ్యాచ్‌లో కూడా ఆడే అవకాశం రాలేదు. వారసుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టడమే ఆచారంగా మారిన మన క్రీడా సంఘాలను చూసినవాళ్లకు ఈ సంగతి చిన్నదిగా అనిపించదు.

1963లో ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసి బలరాం ఆట మానేయాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు. అర్జున అవార్డు వచ్చింది. త్రిమూర్తుల్లో మిగతా ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఒంటరిగా బతికి 2023 ఫిబ్రవరిలో చనిపోయారు. హైదరాబాద్ ఆయన్ని తనవాడిగా పిలిచి గౌరవించుకోలేదు, తమిళనాడుకు ఆయన తెలియదు, బెంగాల్‌కు ఆయన బయటివాడు. ఒకే పని చేసిన ముగ్గురిలో గుర్తింపు ఎవరిదాకా వచ్చి ఆగిపోతుందో చూస్తే, జ్ఞాపకం కూడా ఆస్తిలాగే పంచబడుతుందని అర్థమవుతుంది.

జకార్తా

1962 ఆసియా క్రీడలకు వెళ్లేనాటికి జబ్బు రహీంను లోపలినుంచి తినేస్తోంది. అక్కడ పరిస్థితి కూడా బాగాలేదు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దాన్ని భారత ప్రతినిధి జి.డి. సోంధీ తప్పుపట్టారు. జకార్తా జనం భారత్ మీద మండిపడ్డారు. మన ఆటగాళ్లు బయట తిరగడానికే జంకాల్సిన స్థితి.

మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచాం. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2. థాయిలాండ్ మ్యాచ్‌లో రక్షణ వరస ఆటగాడు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు. అసలు చోటు మార్చి ముందువరసలో నిలబెట్టారు. ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరుస్తోంది. పి.కె. బెనర్జీ ఒక గోల్, కాసేపటికే కట్టుకట్టిన తలతో జర్నైల్ రెండో గోల్. కొరియా ఒక గోల్ తిరిగి కొట్టింది. 2-1. జ్వరంనుంచి లేచిన తంగరాజ్ గోల్ దగ్గర నిలబడ్డాడు. మన జట్టుకు ఆ రోజు గట్టిగా మద్దతిచ్చినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆ తరం ఆటగాళ్లు చెబుతూ వచ్చారు. రెండు దేశాల ద్వేషాన్ని వ్యాపారంగా నడిపే ఈ రోజుల్లో ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఆ జట్టులో సిక్కులు, క్రైస్తవులు, హైదరాబాద్ ముస్లింలు, బెంగాలీలు, తమిళులు ఉన్నారు. అంతా కలిసిపోయిన దేశానికి అది నమూనా అని చెప్పి ముగించడం తేలిక. మేం అలా అనలేం. మైదానం మీద తొంభై నిమిషాలు కలిసి ఉన్న దేశం, మైదానం బయట ఆ ఆటగాళ్లలో చాలామందిని మరిచిపోయింది. రహీం తర్వాత 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం వచ్చాయి. అక్కడితో ఆ పరంపర ఆగింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే చివరిది. 2024లో రహీం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చాకగానీ మన తెలుగు కుర్రాళ్లలో చాలామందికి ఆ పేరు తెలియలేదు.

ఉద్దానం ఇసుక మీద

శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950 ఆగస్టు 15న, రహీం పోలీసు జట్టు చేపట్టిన ఏడాదే. అప్పుడు మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. 1956లో హైదరాబాద్‌తో కలిశాం. హైదరాబాద్ ఫుట్‌బాల్ వెలుగు మాత్రం సోంపేట దాకా, కవిటి దాకా రాలేదు. ఆ ఆట పోలీసు ఉద్యోగం, నగరంలో మైదానం, బడిలో పంతులు అనే మూడు కాళ్ల మీద నిలబడింది. మాకు ఆ మూడూ అందలేదు.

ఇప్పుడు ఉద్దానంలో పిల్లలకు ఒక దారి మిగిలింది, సైన్యం. జీడితోట కూలీకి, పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్క ఒలిచే ఆడమనిషికి, వేటకు పోయే మత్స్యకారుడికి, కిడ్నీ జబ్బుతో డయాలిసిస్ చుట్టూ తిరిగే ఇంటికి ఒక పిల్లాడి ఆర్మీ ఉద్యోగం అంటే మొత్తం కుటుంబం ఒడ్డున పడటం. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. ఎంపికైనవాళ్లలో నాలుగేళ్ల తర్వాత ఉండేది నలుగురిలో ఒకరే. పేదవాడి ఒంటి సత్తువకు ఇచ్చే ఖరీదు తగ్గింది. 1950ల కానిస్టేబుల్ ఆటగాడికి ఉన్న నెల జీతపు భద్రత, ఇప్పుడు రోడ్డు పక్కన పరిగెత్తే పిల్లాడికి లేదు.

మైదానం అంటే ముందు భూమి. ఊరికి మైదానం ఉంటుంది, వాడకు ఉండదు. ఊరి మైదానంలో వాడ పిల్లలు ఎప్పుడు దిగొచ్చో, ఎవరి జట్టులో ఎవరుండాలో రాయని నియమాలు ఉంటాయి. దళితులకు భూమి కావాలని అడిగేటప్పుడు సాగు భూమి, ఇంటి స్థలం, శ్మశానం అడుగుతాం. ఆట స్థలం మన జాబితాలో చివరనైనా ఉండదు. పిల్లల ఒళ్లు పనికోసమే పుట్టాయని, ఆటకోసం కాదని మనమూ ఒప్పుకున్నట్టే అవుతోంది.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలని తన షెడ్యూల్‌లోనే రాసింది. మీ మండలంలో ఎన్ని బడులకు అది ఉంది, ఎన్ని గురుకులాల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి పోస్టు నిండి ఉంది, ఆటలకొచ్చే నిధులు దేనికి ఖర్చయ్యాయి అన్నవి సమాచార హక్కు కింద అడగదగ్గ ప్రశ్నలు. విద్యార్థి సంఘాలు హాస్టల్ మెస్ చార్జీల కోసం చేసే పోరాటంలో ఒక బంతి, ఒక నెట్టు, ఒక పంతులు కూడా చేరాలి.

రహీం దేవుడు కాదు. పతకాలు ఆయన ఒక్కరే తేలేదు. బంతి కుట్టిన జలంధర్ చేతులు, పాత పోలీసు తోలును బూటుగా మార్చిన చేతులు, కొడుక్కి డబ్బిచ్చిన తల్లి చేతులు అందులో ఉన్నాయి. ఆయన చేసిందల్లా ఆ చేతులకూ ఆ కాళ్లకూ మధ్య ఒక బడి పెట్టడం. అలాంటి బడి ఒకటి పలాసలో, టెక్కలిలో, వజ్రపుకొత్తూరు తీరంలో ఎందుకు లేదని అడిగే హక్కు మనది. ఆ ప్రశ్న ఈ జూన్‌లోనే, బడులు తెరిచేనాటికే అడుగుదాం.